పాటల పద్దు

సంగీతమును ప్రేమించువాడు ఆ ప్రేమను ఏ రూపమున లోకమునకు తెలుపగలడు? గాయకునకు కంఠము కలదు. వాగ్గేయకారునకు రచన కలదు. వైణికునకు వ్రేళ్లు కలవు. వినువానికి మాత్రము చెవులు తప్ప వేరు సాధనము లేదు. మన ఆలంకారికులు సహృదయుని గొప్పగా సంభావించినారు. నిరంతర పరిచయముచేత అతని మనస్సు అద్దమువలె నిర్మలమగునని, కవి చెప్పినది అందులో ప్రతిఫలించునని వివరించినారు. అయితే సభ ముగిసిన పిదప ఆ సహృదయుడు ఇంటికి పోయి ఏమి చేయవలెనో చెప్పలేదు. తల ఊచుటతో, 'ఆహా' అనుటతో అతని పాత్ర ముగిసినట్లే భావించినారు.

గ్రామఫోను, రేడియో వచ్చిన తరువాత ఈ స్థితి మారినది. ఒకే పాటను ఒకే కంఠమున నూరు మారులు వినుటకు అవకాశము కలిగినది. వినువాడు పాటతో కాపురము చేయసాగినాడు. క్రమముగా దానినిగూర్చి వ్రాయసాగినాడు. తనకు నచ్చిన పాటలను, గాయకులను తలచుకొని వ్రాయు వ్యాసములు నేడు అన్ని భారతీయ భాషలలోను కలవు. వాని ధోరణి ఇంచుమించు ఒక్కటే. మొదటిసారి ఆ పాట విన్న ఊరు, కాఫీ హోటలులోని రేడియో, ఆనాటి వాన, ఆనాటి స్నేహితులు అందులో వరుసగా వచ్చును. ఈ వ్యాసములలో తీపి ఉన్నది, కాదనరాదు. కాని చాలవానిలో పాట నెపము, బాల్యము విషయము. పాట వ్రాసినవాడెవడో, వరుస కట్టినవాడెవడో, ఏ సంవత్సరమున అది రికార్డుకు ఎక్కినదో చదువరికి తెలియదు. వ్యాసకర్తకును తెలియకపోవచ్చును.

ప్రేమకు ఇంకొక రూపము కూడ కలదని చూపిన గ్రంథమొకటి గుజరాతులోని సూరతు నగరమునుండి 1985లో వెలువడినది. దాని పేరు 'ముకేశ్ గీత్ కోశ్'. కూర్చినవాడు ఆ నగరవాసియైన హరీశ్ రఘువంశీ. 1923లో ఢిల్లీలో పుట్టి, 1976 ఆగస్టులో కచేరీలకై అమెరికా వెళ్లి డెట్రాయిట్ నగరమున కన్నుమూసిన గాయకుడు ముకేశ్ పాటలకు అది కోశము. గాయకుడు పోయిన తొమ్మిదేండ్లకు ఒక శ్రోత అతనికి కట్టిన గుడి అది. అందులో ధూపదీపములకంటె పద్దులే ఎక్కువ. విమర్శకుడు ఆలోచింపవలసినది అక్కడనే. పద్దు వ్రాయుట కూడ రసికత అగునా?

గీతకోశమనగా పాటల పుస్తకము కాదు. ఉత్తర హిందుస్థానమున కాన్పూరు నివాసి హర్మందిర్ సింగ్ 'హమ్‌రాజ్' కూర్చిన 'హిందీ ఫిల్మ్ గీత్ కోశ్' సంపుటములు ఈ ప్రక్రియకు ఒరవడి పెట్టినవి. 1931 మొదలు 1980 వరకు ఒక్కొక్క దశకమునకు ఒక్కొక్క సంపుటము చొప్పున అవి 1980 నుండి వెలువడినవి. చిత్రము పేరు, సంవత్సరము, నటీనటులు, సంగీత దర్శకుడు, గీత రచయిత, పాట మొదటి మాటలు, పాడినవారు, రికార్డు సంఖ్య అందులో వరుసగా కనిపించును. అభిప్రాయమునకు చోటు లేదు, విశేషణమునకు చోటు లేదు. సూరతు గ్రంథము ఈ వరుసను చిత్రమునుండి కంఠమునకు మరల్చినది. దశకము బదులు ఒక మనిషి జీవితము కొలబద్ద అయినది. తరువాత రఘువంశీ గుజరాతీ చిత్రగీతములకును కోశము కూర్చినాడు. గుజరాతీ మొదటి టాకీ 'నర్సింహ మెహతా', మన 'భక్త ప్రహ్లాద' రెండును 1932లోనే వచ్చినవి. ఒకే ఏట పుట్టిన ఈ రెండింటిలో ఒకదానికి లెక్క వ్రాసినవాడు దొరకుట తెలుగు చదువరికి కొంత అసూయ కలిగింపవలసిన సంగతియే.

సూరతు నగరమునకు పద్దు క్రొత్త కాదు. మొగలుల కాలమున అది పడమటి సముద్రమునకు వాకిలి. హజ్ యాత్రికులు ఓడ ఎక్కిన రేవు. ఇంగ్లీషువారు 1613లో అక్కడ వర్తకశాల పెట్టుటకు ఫర్మానా పొందినారు. శివాజీ 1664లో దానిని కొల్లగొట్టినాడనగా ఆ ఊరి సంపద ఎంతటిదో ఊహింపవచ్చును. పట్టు, జరీ, హుండీలు, వజ్రములు, ఆ తరువాత మరమగ్గములు ఇట్లు తరతరములుగా ఆ ఊరు చిట్టా ఆవర్జాల మీద బ్రతికినది. దీపావళినాడు గుజరాతీ వర్తకుడు లక్ష్మితోపాటు క్రొత్త లెక్కల పుస్తకమును పూజించును. లెక్కను దైవముగా చూచు ఆచారము ఉన్నచోట పాటల లెక్క వ్రాయుట విడ్డూరము కాదు.

అంతకంటె ముఖ్యమైన పూర్వగాథ ఒకటి ఆ నగరముననే ఉన్నది. ఆధునిక గుజరాతీ సాహిత్యమునకు ఆద్యుడనదగిన కవి నర్మద్ 1833లో సూరతులో పుట్టినాడు. 1858లో ఉపాధ్యాయ పదవి విడిచి, కలమునే నమ్ముకొని బ్రతుకుటకు నిశ్చయించినాడు. సంఘ సంస్కరణకై పత్రిక నడపినాడు, అప్పుల పాలైనాడు, అయినను ఒంటిచేతితో ఒక నిఘంటువును పూనుకొన్నాడు. 'నర్మకోశ్' అనబడు ఆ గ్రంథము 1861 నుండి భాగములుగా వెలువడి 1873 నాటికి సంపూర్ణమైనది. ఇరవై అయిదు వేలకు మించిన మాటలు అందులో కలవు. మన బహుజనపల్లి సీతారామాచార్యులు ఒంటరిగా శ్రమించి 1885లో వెలువరించిన 'శబ్దరత్నాకరము' తెలుగువారికి ఎట్టిదో, గుజరాతీలకు నర్మకోశము అట్టిది. అదే నర్మద్ 1870లో నాగర కుటుంబముల స్త్రీలు పాడుకొను పాటలను సేకరించి ప్రకటించినాడు. పెండ్లిండ్లలోను, సీమంతములలోను వినిపించి గాలిలో కలసిపోవు పాటలకు అచ్చు యోగ్యత కలదని ఆనాడు తలచుటయే ఒక సాహసము. మాటను లెక్కించినవాడు, పాటను పోగు చేసినవాడు ఒక్కడే అగుట కాకతాళీయము కాదు. రెండింటికిని మూలము ఒక్కటే: తనవారి నోట ఉన్నది తన కంటి ఎదుట నశింపరాదను తపన. శతాబ్దము గడచిన పిదప అదే నగరమున ముకేశ్ పాటలకు కోశము పుట్టుటలో ఈ తపనయే కనిపించును.

ఇక లెక్కకు ఎదుట నిలిచిన శక్తి ఏదో చూడవలెను. అది అజ్ఞానము కాదు, భక్తి. పాటను ప్రేమించిన జాతి పెద్ద సంఖ్యలను ప్రేమించును. అన్నమాచార్యుని సంకీర్తనలు ముప్పది రెండు వేలని ప్రసిద్ధి. తిరుమల సంకీర్తన భాండారమునందలి రాగిరేకులలో లభించినవి పండ్రెండు వేలకు పైబడినవి. త్యాగరాజస్వామి ఇరువది నాలుగు వేల కృతులు రచించినాడని చెప్పుకొందురు. అది రామాయణ శ్లోకముల సంఖ్య. లభించినవి సుమారు ఏడు వందలు. పురందరదాసు విషయమున సంఖ్య లక్షలకు ఎక్కినది. ఈ సంఖ్యలను అబద్ధములనుట రసము తెలియని మాట. అవి లెక్కలు కావు, స్తుతులు. 'నీవు అనంతుడవు' అనుటకు బదులు భక్తుడు ఒక గుండు సంఖ్యను వాడినాడు.

చలనచిత్ర గాయకులకు ఈ సంప్రదాయమే సంక్రమించినది. 1974లో గిన్నిస్ గ్రంథము లతా మంగేష్కర్ ఇరువది భాషలలో ఇరువది అయిదు వేలకు తక్కువ కాకుండ పాటలు పాడినదని ప్రకటించినది. మహమ్మద్ రఫీ దీనిని ఒప్పుకొనలేదు. తన సంఖ్య ఇంకను పెద్దదన్నాడు. 1980లో ఆయన గతించిన తరువాత ఇరువది ఎనిమిది వేలను ఆయన పక్షపు సంఖ్యయు ఆ గ్రంథమున చోటు చేసుకొన్నది. ఇరువురి అభిమానులును వాదించుకొన్నారు. ఆ సమయమున గీతకోశములు వచ్చి హిందీ చిత్రగీతములను ఒక్కొక్కటిగా ఎంచగా, లత హిందీ పాటలు అయిదారు వేల పరిధిలోనే నిలిచినవి. తరువాతి కాలమున ఆ పద్దు గిన్నిస్ గ్రంథమునుండి తొలగింపబడినది. ముకేశ్ విషయమున సంఖ్య ఇంకను చిన్నది. దాదాపు వేయి చుట్టునే తిరుగును. ముకేశ్ అభిమానికి ఇది పరాభవముగా తోచవలెను. కాని కోశము కూర్చినవాడే అభిమాని. తన ఆరాధ్యుని సంఖ్యను తానే కుదించి, తానే అచ్చొత్తించిన భక్తుడు అరుదు. ప్రేమకు సత్యనిష్ఠ తోడైనప్పుడు అది విమర్శ అగును. ఈ గ్రంథమునకు విమర్శస్థానము ఇచ్చుటకు ఇదియే మొదటి కారణము.

రెండవ కారణము పేర్లు. శ్రోత జ్ఞాపకము దయలేనిది. అది గాయకుని ఉంచుకొని తక్కినవారిని పారవేయును. తొలినాళ్లలో రికార్డు కంపెనీలు గాయకుని పేరుకూడ పారవేసినవి. 1949 నాటి 'మహల్' చిత్రమున లత పాడిన ప్రసిద్ధ గీతపు రికార్డుపై ఆమె పేరు లేదు. ఆ చిత్రమున మధుబాల ధరించిన పాత్ర పేరు 'కామిని' అచ్చయినది. ఆ కామిని ఎవరని శ్రోతలు రేడియోవారిని జాబులతో వేధించినారు. దేశమంతయు పాడుకొను పాటకు పాడినవారి పేరు లేకుండుట ఎంత వింత! పద్దు వ్రాయువాడు ఈ అన్యాయమును ఒక్క గడితో సరిదిద్దును. ముకేశ్‌కు పేరు తెచ్చిన 'పహలీ నజర్' (1945) గీతమునే తీసికొనవచ్చును. అది సైగల్ కంఠమును తలపించినదని అందరును చెప్పుదురు. వరుస కట్టినవాడు అనిల్ బిశ్వాస్ అని కొందరు చెప్పగలరు. వ్రాసినవాడు ఆహ్ సీతాపురీ అని ఎందరు చెప్పగలరు? కోశమున ఈ మూడు పేర్లకును ఒకే పరిమాణపు అక్షరములు. అచ్చు యంత్రమునకు అభిమాన భేదము లేదు.

మూడవ కారణము మరియు లోతైనది. తేదీల వరుస అభిప్రాయములను తలక్రిందులు చేయును. ముకేశ్ అనగా రాజ్ కపూర్ కంఠము, రాజ్ కపూర్ అనగా ముకేశ్ అని లోకమున స్థిరపడిన మాట. పద్దులను వరుసగా చదివినవానికి వేరు కథ కనిపించును. 'మేలా' (1948)లో ముకేశ్ పాడినది దిలీప్ కుమార్‌కు. 'అందాజ్' (1949)లో దిలీప్ కుమార్, రాజ్ కపూర్ ఇరువురును ఉన్నారు; నౌషాద్ అందులో ముకేశ్ కంఠమును దిలీప్‌కు, రఫీ కంఠమును రాజ్‌కు ఇచ్చినాడు. తొమ్మిదేండ్ల తరువాత, 1958లో, సలీల్ చౌధురీ 'మధుమతి'లోను, శంకర్-జైకిషన్ 'యహూదీ'లోను మరల దిలీప్‌కే ముకేశ్ చేత పాడించినారు. మరొక వైపు 'చోరీ చోరీ' (1956)లో రాజ్ కపూర్‌కు పాడినవాడు మన్నా డే. నటునకు కంఠము పుట్టుమచ్చవలె అంటుకొని రాలేదు. సంగీత దర్శకులు వెదకి, తడవి, మార్చి చూచినారు. స్థిరపడిన జంట వెనుక స్థిరపడని కాలము ఎంత ఉన్నదో జ్ఞాపకము చెప్పదు, పద్దు చెప్పును.

అట్లే అనుకరణనుండి స్వంత కంఠము ఎట్లు పుట్టినదో కూడ తేదీల వరుసలో తెలియును. 1945 నాటి ముకేశ్ సైగల్ నీడలో నిలిచినాడు. నాలుగేండ్లలో నౌషాద్, శంకర్-జైకిషన్ చేతులలో ఆ నీడ తొలగినది. 1959 నాటి 'అనాడీ' పాటకు ఫిల్మ్‌ఫేర్ బహుమానము వచ్చినప్పుడు అతని కంఠమున అలంకారము దాదాపు శూన్యము. గమకముల విన్యాసమునకు, తారాస్థాయి విహారమునకు అది అనువైన కంఠము కాదు. అయినను 1974లో 'రజనీగంధా' గీతమునకు జాతీయ పురస్కారము పొందినాడు. తన హద్దు తెలిసి, ఆ హద్దులోపల మాటకు బరువిచ్చి పలికిన గాయకుడతడు. శాస్త్రపాండిత్యము గలవారు అతనిని చిన్నచూపు చూచుట, సామాన్యుడు స్నానశాలలో అతని పాటలనే ఎన్నుకొనుట రెండును ఈ హద్దునుండి పుట్టినవే. పాడుటకు వీలుగా కనిపించి, పాడబోగా చేజారు సులభత్వము అతనిది. మన వేమన పద్యముల సులభత్వము ఇట్టిదే. అందరికిని వచ్చును, ఎవ్వరికిని వ్రాయరాదు.

చిత్రములకు వెలుపలి పాట కూడ కంఠమును అనుసరించు కోశమున ప్రశ్న అగును. ముకేశ్ తులసీదాసు రామచరితమానసమును గ్రామఫోను రికార్డులకై గానము చేసినాడు. హిందీ ప్రాంతమున ఎన్నో ఇండ్లలో అది ఉదయకాలపు పారాయణమైనది. తెలుగు చదువరికి వెంటనే ఘంటసాల తలపునకు వచ్చును. 1922లో పుట్టి 1974 ఫిబ్రవరిలో గతించిన ఆ మహాగాయకుడు తుదికాలమున భగవద్గీత పాడినాడు. నేటికిని తెలుగు ఊళ్లలో అది మ్రోగుచునే ఉన్నది. ఇరువురును ఏబది దాటిన కొద్ది ఏండ్లకే వెళ్లిపోయినారు. ఇరువురును శృంగారమును, విషాదమును, వినోదమును పాడి, ఇంటి దేవుని గూటి ముందుకు చేరినారు. ఒకే కంఠము కాఫీ హోటలుకును పూజాగృహమునకును చెల్లుట భారతీయ శ్రోత ఔదార్యము. చిత్రముల వారీ పట్టికలో ఈ సంగతి కనపడదు. గాయకుని వారీ పట్టికలోనే కనిపించును.

ఇట్టి కోశములకు ముడిసరుకు ఎక్కడ దొరకును? సినిమా హాళ్లవద్ద అణాలకు అమ్మిన పాటల పుస్తకములలో. కథాసంగ్రహము కొంత చెప్పి, శేషము వెండితెరపై చూడుడని ముగించు ఆ పలుచని పుస్తకములను తెలుగువారును ఎరుగుదురు. ఆట ముగియగానే వానిని మిఠాయి పొట్లములుగా మార్చినవారే అధికులు. ఇంకొక మూలము రేడియో. 1952లో ఆకాశవాణి సినిమా పాటలకు తలుపు మూయగా శ్రోతలు రేడియో సిలోన్‌ను ఆశ్రయించినారు. ప్రతి ఉదయమున పాత చిత్రముల పాటలు అరగంట వేసి సైగల్ పాటతో ముగించు కార్యక్రమమునకై గడియారము దిద్దుకొన్న ఇండ్లు ఎన్నో. 'ఆలం ఆరా' (1931) వంటి తొలి టాకీ పాటలు రికార్డులుగా రాలేదు, చిత్రప్రతియు మిగులలేదు. అట్టి పాటకు పాటల పుస్తకపు కాగితమే చివరి శరీరము. దానిని భద్రపరచినవాడు పిచ్చివాడని ఇరుగుపొరుగు అనుకొన్న కాలమున, చరిత్ర అతని బీరువాలో నిలిచినది.

అయితే పద్దునకు హద్దు ఉన్నది. దానిని చెప్పక విడుచుట కూడ భక్తియే అగును. తాళ్లపాక పెదతిరుమలాచార్యుడు తండ్రి సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించినాడు. ప్రతి పాటకు రాగము పేరు వ్రాయించినాడు. మన భాషలో ఇంతకంటె గొప్ప గీతకోశము లేదు. రాగి నిలిచినది, మాట నిలిచినది, రాగము పేరు నిలిచినది. అన్నమయ్య పాడిన తీరు మాత్రము నిలువలేదు. నేడు వినిపించు వరుసలలో పెక్కు ఇటీవలి విద్వాంసులు కూర్చినవి. పట్టిక పాటకు చిరునామా; పాట కాదు. ఏ స్వరముపై ముకేశ్ కంఠము కొంచెము వణకునో, ఆ వణకు దోషమో గుణమో ఏ గడిలోను పట్టదు. అది చెప్పుటకు మరల ఆ మొదటి రసికుడే, తన వానను తన కాఫీ హోటలును తలచుకొను రసికుడే, కావలెను. కాని ఇకపై అతడు పేర్లు, తేదీలు తెలిసి మాటలాడవలెను. స్మృతి పద్దును చదువవలెను. పద్దు స్మృతిని సహింపవలెను.

తెలుగున ఈ కృషి లేకపోలేదు. వి.ఎ.కె. రంగారావు మద్రాసులో దశాబ్దములపాటు గ్రామఫోను రికార్డులు సేకరించి, వానిని విని, పత్రికలలో నిర్మొహమాటముగా వ్రాసినాడు. పద్దు, అభిరుచి ఒక్కనియందే కూడిన అపూర్వ ఉదాహరణము అది. 2016లో గిన్నిస్ సంస్థ పి. సుశీల పాటలను 17,695గా గుర్తించినది. ఆ సంఖ్య చివరి అంకెలను గమనింపవలెను. గుండు సంఖ్య స్తుతినుండి పుట్టును. తొంబది అయిదుతో ముగియు సంఖ్య జాబితానుండి తప్ప పుట్టదు. ఎవరో కూర్చుండి ఒక్కొక్క పాటను ఎంచినారు. ముప్పది రెండు వేల కాలమునుండి పదునేడు వేల ఆరు వందల తొంబది అయిదు వరకు తెలుగు శ్రోత నడచిన దూరము తక్కువది కాదు.

కాని సూరతు నగరమే మరియొక లెక్కను గుర్తు చేయును. అక్కడి మరమగ్గములపై పనిచేయుటకు తెలంగాణ జిల్లాలనుండి పద్మశాలి కుటుంబములు తరలివెళ్లి స్థిరపడినవి. వారి పిల్లలకై ఆ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున బడులు కూడ నడపినది. శరన్నవరాత్రుల వేళ ఆ నగరమున గుజరాతీ స్త్రీలు దీపముంచిన కుండ చుట్టు గర్బా తిరుగుదురు. తెలుగు స్త్రీలు పూల బతుకమ్మ చుట్టు తిరుగుదురు. రెండు వలయములు, రెండు భాషలు, ఒకటే చప్పట్ల లయ. నాగర స్త్రీల పాటలకు 1870లోనే నర్మద్ దొరకినాడు. సినిమా గాయకునకు 1985లో రఘువంశీ దొరకినాడు. మగ్గపు మోతనడుమ, ఊరి పేర్లు మారుచు, గుజరాతీ మాటలు కలియుచు సాగు ఆ బతుకమ్మ పాటలకు గాయకుని పేరు లేదు, రికార్డు సంఖ్య లేదు, అమ్ముడుపోవు పాటల పుస్తకము లేదు. వానిని పాడు అవ్వల తరువాత వాని పద్దు ఎవరివద్ద ఉండును? కోశము తెరచుటకు పాండిత్యముకంటె ముందు ఒక కాగితము, ఒక కలము, ఒక సాయంకాలము చాలును.